అప్‌డేట్: 61 కీలా, 88 కీలా అని అడిగాను కదా, కొనేశాను

పియానో నేర్చుకోవడానికి 61 కీల కీబోర్డు సరిపోతుందా, యాప్‌తో నెట్టుకురావచ్చా అని అప్పట్లో అడిగాను. ఎక్కువ మంది 88 కీలు, అదీ వెయిటెడ్ కీలు (అసలు పియానోలా నొక్కితే బరువుగా తగిలేవి) ఉన్నదే తీసుకోమన్నారు, సెకండ్ హ్యాండ్‌లో యమహా పీ-45 అనే డిజిటల్ పియానో దొరికింది. తేడా వేలికి బాగా తెలుస్తోంది: ఎడమవైపు కీలు బరువుగా, కుడివైపుకి వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉంటాయి, మెల్లగా నొక్కితే మెల్లగానే పలుకుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రాత్రిపూట పక్క ఫ్లాట్ వాళ్లతో గొడవ లేదు, కాకపోతే దానికుండేది పెద్ద 6.3 మి.మీ. సాకెట్, మామూలు ఇయర్‌ఫోన్‌కి అడాప్టర్ కావాలి. పెడల్ మాత్రం టైల్స్ మీద జారిపోతూనే ఉండేది, కింద రబ్బరు మ్యాట్ వేశాక కుదురుగా ఉంది.

యాప్ సంగతి: ఏ స్వరం తప్పిందో చెబుతుంది కానీ మణికట్టు బిగబట్టానని చెప్పదు. అందుకే హాఫ్‌మన్ అకాడమీ వాళ్ల ఉచిత పియానో పాఠాల వీడియోలు చూస్తున్నాను, ఎక్కువగా పిల్లల కోసం చేసినవే అయినా నాకేం నామోషీ లేదు. మ్యూజ్‌స్కోర్‌లో (స్వరాలు రాసి వినిపించుకునే సాఫ్ట్‌వేర్, ఇదీ ఉచితమే) ఎడమచేతి భాగం ఒక్కటే ఎక్కించి, టెంపో నిమిషానికి 50 బీట్లకి తగ్గించి, దాంతో కలిపి వాయిస్తున్నాను. రెండు చేతులూ కలపడం దగ్గరే ఇంకా తంటా. వారానికోసారైనా పక్కన కూర్చుని చూసే టీచర్ కోసం వెతుకుతున్నాను.