అప్‌డేట్: రిటైరయ్యాక ఫోన్‌లో నోట్‌బుక్

రిటైరయ్యాక రాసుకోవడానికి ఏ యాప్ మంచిదని పోయిన నెల అడిగాను. మీలో కొందరు చెప్పిన అబ్సీడియన్ పెట్టుకున్నాను. నోట్స్ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మన ఫోల్డర్‌లోనే ఉంటాయి. రేపు యాప్ మూతపడినా వేరేదాంట్లో తెరుచుకోవచ్చు. నాకు నచ్చింది అదే.

మొదటి వారమంతా ఫోల్డర్లు సర్దడంతోనే సరిపోయింది (ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది!). చివరికి అన్నీ తీసేసి రోజుకో నోట్ చాలనుకున్నాను. బీపీ రీడింగు, అమ్మ గోంగూర పచ్చడి కొలతలు, పాలవాడి లెక్క, అన్నీ అందులోనే. వెతికితే దొరుకుతున్నాయి. టైపింగ్ బద్ధకమైతే జీబోర్డ్ (గూగుల్ వాళ్ల కీబోర్డ్) మైకు నొక్కి తెలుగులో చెబుతున్నాను. ఊరి పేర్లు మాత్రం చిత్రంగా రాస్తుంది, దిద్దుకోవాలి.

ఒకరోజు పొరపాటున నాలుగు రోజుల నోట్స్ చెరిపేశాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను. పాత డైరీలు ఇంకా అటకమీదే ఉన్నాయి.