విమానంలో దోమల మందు చల్లితే జ్వరాలు ఆగుతాయా?

కోనసీమవాసి:
మా అబ్బాయిని చూడటానికి సిడ్నీ వెళ్లినప్పుడు, విమానం దిగే ముందు సిబ్బంది రెండు చేతుల్లో రెండు డబ్బాలు పైకెత్తి, సీట్ల మధ్య నడుస్తూ మందు చల్లుకుంటూ పోయారు. పక్క సీటులోని పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం దిగేదాకా దగ్గు ఆగలేదు. తలుపులు మూసి ఇంతమంది మీద పురుగుమందు చల్లడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా? అమెరికా 1979లోనే దీన్ని మానుకున్నదనీ, ప్రయాణికులు లోపల ఉండగా చల్లరాదని మన జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించిందనీ చదివాను.

మలేరియా విభాగం విశ్రాంత ఉద్యోగి:
ప్రయోజనం బహు స్వల్పం. దోమ విమానం ఎక్కదని నేను అనను. 1983లో లండన్ గాట్విక్‌లో ఉష్ణదేశాల నుంచి వచ్చిన 67 విమానాలను వెతికితే 12 విమానాల్లో దోమలు దొరికాయి. అయినా వ్యాధిని మోసుకుపోయేది ఎక్కువగా దోమ కాదు, టికెట్ కొన్న మనిషే. 2007లో ఇటలీలోని కాస్తిలియోనె ది చెర్వియా అనే చిన్న ఊళ్లో, బంధువులను చూడటానికి కేరళ నుంచి వెళ్లిన ఒక వ్యక్తి ద్వారా చికున్‌గున్యా మొదలై, ఆ చుట్టుపక్కల 200 మందికి పైగా సోకింది. అక్కడ దాన్ని పంచిన టైగర్ దోమ ఆ విమానంలో వచ్చింది కాదు. 1990లోనే పాత టైర్ల దిగుమతితో జెనోవాలో దిగి, ఆ తర్వాత దేశమంతా స్థిరపడింది. డబ్బా మందు ఆ మనిషి రక్తంలోని వైరస్‌ను ఏం చేయగలదు? డెంగీ సంగతీ అంతే: దోమ కుట్టాక నాలుగు నుంచి పది రోజులకు గానీ జ్వరం బయటపడదు, ప్రయాణం ఒక్క రోజులో ముగుస్తుంది, కాబట్టి జ్వరం కొలిచే యంత్రాల ముందు నుంచి డెంగీ సోకిన మనిషి నిక్షేపంగా నడిచిపోతాడు.

వైద్య విద్యార్థిని:
పెద్దలు క్షమించాలి, చికున్‌గున్యాకు చెప్పిన లెక్క మలేరియాకు పనికిరాదు. అదే 1983లో గాట్విక్‌కు పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండే ఇద్దరికి, ఒక పబ్ యజమానురాలికీ, మోటార్‌సైకిల్ మీద అటుగా వెళ్లిన మరొకరికీ, విమానంలో వచ్చిన దోమ వల్ల ఫాల్సిపారమ్ అనే ప్రమాదకర రకం మలేరియా సోకింది. 1994 వేసవిలో పారిస్ దగ్గరి రువాసీ విమానాశ్రయం పరిసరాల్లో ఆరుగురికి, 2019లో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయ ఉద్యోగులు ఇద్దరికి వచ్చింది. సంఖ్య చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఉష్ణదేశం గడప తొక్కని రోగికి మలేరియా అని ఏ వైద్యుడికి తడుతుంది? ఆలస్యమైతే ఫాల్సిపారమ్ ప్రాణం తీస్తుంది. మనకైతే ఎల్లో ఫీవర్ భయం వేరే ఉంది: ఆ వ్యాధి ఇంతవరకూ మన దేశంలోకి రాలేదు, దాన్ని మోయగల ఏడిస్ దోమ మాత్రం ప్రతి వీధిలోనూ ఉంది, జనంలో టీకా వేయించుకున్నవారు దాదాపు లేరు.

పైగా కోనసీమవాసి గారు అడిగింది మనుషుల మీద చల్లడం గురించి. ఖాళీ విమానంలో గోడలకూ, నేలకూ పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టిస్తే ఎనిమిది వారాలు పనిచేస్తుంది; ఆస్ట్రేలియా దీన్నీ అంగీకరిస్తుంది. అప్పుడు ఎవరి కొంగూ ముక్కుకు అడ్డం రానక్కరలేదు.

మలేరియా విభాగం విశ్రాంత ఉద్యోగి:
అమ్మా, గోడలకు పట్టించే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. ఎల్లో ఫీవర్ విషయంలో మాత్రం, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల నుంచి వచ్చేవారి దగ్గర టీకా పత్రం అడగడం, అది లేకపోయినా, టీకా వేసి పది రోజులు కాకపోయినా ఆరు రోజుల వరకు విడిగా ఉంచడం, ఇదే మనల్ని కాపాడుతున్న అసలు కంచె అని నా నమ్మకం. అదీ మనిషిని చూసే కంచే గానీ దోమను చూసేది కాదు.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఇంకొక మాట ఉంది: విమానాశ్రయంలో ప్రయాణికులూ, సరుకూ తిరిగే చోటి నుంచి కనీసం 400 మీటర్ల వరకు దోమలు పెరగనివ్వకూడదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక విమానాశ్రయం ప్రహరీ పక్కనే, పంక్చర్ షాపు వెనక టైర్ల గుట్ట చూశాను. ఒక టైరులో దోసెడు వాననీళ్లు, పైతేలి తలకిందులుగా వేలాడుతున్న లార్వాలు. చేతి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. ఆ నీళ్లు ఒంపించడానికి మాకు మూడు వారాలు పట్టింది. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న భవనం బేగంపేట పాత విమానాశ్రయం పక్కనే ఉన్నదని గుర్తొస్తే, ఇప్పటికీ నవ్వొస్తుంది.

వైద్య విద్యార్థిని:
మూడు వారాలు ఎందుకండీ?

మలేరియా విభాగం విశ్రాంత ఉద్యోగి:
ప్రహరీకి లోపలైతే విమానాశ్రయం వారిది, బయటైతే పంచాయతీది. ఆ గుట్ట సగం గోడ మీదికి ఒరిగి ఉంది.