దించిన కారులో వెనక చక్రాలు ఒక పక్కకు జరిగితే రెండో పక్క స్పేసర్ వేయడం సరైనదేనా?

ఫ్రిస్కో_మస్టాంగ్

అందరికీ నమస్కారం. నా దగ్గర 2012 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది. ఇటీవల లోయరింగ్ స్ప్రింగులు వేయించి కారును సుమారు 40 మి.మీ. కిందికి దించాను. రిమ్‌లు 19 అంగుళాలవి, వెనక టైర్లు 275 వెడల్పువి. దించిన తర్వాత వెనక నుంచి చూస్తే ఎడమ టైరు ఫెండర్ (చక్రం పైన ఉండే వంపు రేకు) అంచుకు దాదాపు సమానంగా కనిపిస్తోంది, కుడి టైరు మాత్రం లోపలికి పోయింది. ఫెండర్ అంచు నుంచి బరువు కట్టిన దారం వేలాడదీసి కొలిస్తే రెండు వైపులకూ 11 మి.మీ. తేడా వచ్చింది. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ఎడమ టైరు ఫెండర్‌కు రాసుకుంటోంది. పని చేసిన షాపువారు కుడి వైపు 10 మి.మీ. స్పేసర్ (చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే లోహపు బిళ్ల) వేస్తే రెండు పక్కలూ ఒకేలా కనిపిస్తాయని అంటున్నారు. ప్యాన్‌హార్డ్ బార్ మార్చాల్సిందేనని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. ఈ రెండింటిలో ఏది సరైనదో అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

ఇరుసు_మరమ్మతు

మీ మిత్రుడు చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. 2005 నుంచి 2014 వరకు వచ్చిన మస్టాంగ్‌లలో వెనక రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఒకే ముక్కగా ఉంటుంది. అది పక్కలకు కదలకుండా ఆపేది ప్యాన్‌హార్డ్ బార్. దాని ఒక చివర బాడీకి, రెండో చివర ఎదుటి పక్కన ఇరుసుకు బిగించి ఉంటుంది. బాడీ వైపు చివర ఎత్తుగా, ఇరుసు వైపు చివర తక్కువగా ఉన్నప్పుడు కారును కిందికి దించితే ఆ బార్ వాలు తగ్గి అడ్డంగా పరుచుకుంటుంది. బార్ పొడవు మారదు కనుక అది అడ్డంగా ఆక్రమించే దూరం పెరుగుతుంది, ఆ పెరిగిన మేరకు ఇరుసు మొత్తం ఒక పక్కకు జరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇవి మీ కారు కొలతలు కావు, విషయం అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. బార్ పొడవు 1000 మి.మీ., రెండు చివరల ఎత్తులో తేడా 120 మి.మీ. అనుకుంటే, అది అడ్డంగా 992.8 మి.మీ. ఆక్రమిస్తుంది. కారు 40 మి.మీ. దిగితే ఎత్తులో తేడా 80 మి.మీ. అవుతుంది, అడ్డంగా దూరం 996.8 మి.మీ.కు పెరుగుతుంది. అంటే ఇరుసు జరిగింది 4 మి.మీ. మాత్రమే. అయితే ఒక చక్రం 4 మి.మీ. బయటికి వచ్చినప్పుడు రెండోది అంతే లోపలికి పోతుంది కనుక మన కంటికి కనిపించే తేడా 8 మి.మీ. అవుతుంది.

అందుకే స్పేసర్ ఇక్కడ తప్పు పరిష్కారం. మీకు రాసుకుంటున్నది ఎడమ టైరు, స్పేసర్ వేయమంటున్నది కుడి పక్క. ఆ స్పేసర్ ఎడమ టైరును ఒక్క మి.మీ. కూడా లోపలికి జరపదు. తిప్పి పొడవు మార్చుకోగల ప్యాన్‌హార్డ్ బార్ వేసి, దాన్ని కొద్దిగా కుదిస్తే ఇరుసు మధ్యకు వస్తుంది, రాపిడి కూడా తగ్గుతుంది.

నెల్లూరు_టు_హ్యూస్టన్

ఇరుసు_మరమ్మతు గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ స్పేసర్‌ను అంత తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. కారును దించే ముందు ఎవరైనా రెండు పక్కలా కొలిచారా? కర్మాగారం నుంచి వచ్చిన కార్లలోనే ఫెండర్‌కూ టైరుకూ మధ్య దూరం రెండు వైపులా కొన్ని మి.మీ. తేడాగా ఉండటం సాధారణం. పొడవాటి రేకులను వెల్డింగ్‌తో కలిపి చేసిన బాడీలో అది సహజం. గతంలో ఏదో ఒక పక్క దెబ్బ తగిలి రేకు మార్చి ఉంటే చెప్పే పనే లేదు. తేడా అంతటినీ ప్యాన్‌హార్డ్ బార్ మీదికి నెట్టి, అది పోయే వరకు బార్‌ను తిప్పితే, వంకర బాడీకి సరిపోయేలా ఇరుసును వంకర చేసినట్టే అవుతుంది. అలాంటి చోట 3 మి.మీ. లేదా 5 మి.మీ. స్పేసర్ నిజాయితీ గల పరిష్కారమేనని నేను నమ్ముతాను. పైగా ఓవల్ ట్రాకుల మీద పరుగెత్తే నాస్కార్ రేసు బండ్లను కావాలనే ఎడమకూ కుడికీ తేడాగా అమరుస్తారు. రెండు పక్కలూ సమానంగా లేకపోతే కారు నడవదన్న భయం అనవసరం.

ఇరుసు_మరమ్మతు

నాస్కార్ ఉదాహరణ ఇక్కడ సరిపోదండి. అక్కడ మలుపులన్నీ ఎడమకే కనుక తేడా పెడతారు, అది కూడా కొలిచి పెడతారు. వారు ట్రాక్ బార్ అని పిలిచేది కూడా ప్యాన్‌హార్డ్ బారే.

మీరు చెప్పిన 3 మి.మీ.కూ షాపువారు చెప్పిన 10 మి.మీ.కూ చాలా తేడా ఉంది. ఈ తరం మస్టాంగ్‌లో చక్రాన్ని పట్టుకునే స్టడ్లు అర అంగుళం మందంతో, అంగుళానికి 20 మరలతో ఉంటాయి. అంటే నట్టు ఒక చుట్టు తిరిగితే 1.27 మి.మీ. లోపలికి పోతుంది. 10 మి.మీ. స్పేసర్ పెడితే దాదాపు 8 చుట్ల పట్టు పోతుంది. స్టడ్ మందమెంతో కనీసం అంత పొడవున మరలు పట్టి ఉండాలన్నది పనివారు పాటించే లెక్క, దాని ప్రకారం ఇక్కడ 10 చుట్లు కావాలి. స్టడ్లు మార్చకుండా అంత మందం స్పేసర్ పెట్టి రహదారి మీదికి వెళ్లడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయలేను. దీనికి తోడు పలుచని స్పేసర్లు చాలావరకు చక్రాన్ని హబ్ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) మీద మధ్యలో నిలిపే అంచును కప్పేస్తాయి. ఆ అంచు దొరకని చక్రం వేగం పెరిగినప్పుడు వణకవచ్చు.

హైదరాబాద్_పోలో

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మా పోలో కారును కూడా దించాక వెనక ఒక పక్క టైరు బయటికి కనిపిస్తోంది. నేను కూడా ప్యాన్‌హార్డ్ బార్ మార్చాలా?

ఇరుసు_మరమ్మతు

మీ కారులో ఆ బార్ ఉండదండి. పోలో, స్విఫ్ట్ వంటి వాటిలో వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలుపుతూ కొద్దిగా మెలిపడే ఉక్కు దూలం) ఉంటుంది, దించినంత మాత్రాన అది పక్కకు జరగదు. మొదట వెనక కుడి, ఎడమ చక్రాలను అటూ ఇటూ మార్చి మళ్లీ కొలవండి. తేడా చక్రంతో పాటు పక్క మారితే రిమ్ ఆఫ్‌సెట్‌లో (రిమ్ హబ్ నుంచి ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందన్న కొలతలో) దోషం ఉంది. మారకపోతే బీమ్ బుష్‌లు (బీమ్ బిగించిన చోట ఉండే రబ్బరు తొడుగులు) అరిగాయేమో, బీమ్ వంగిందేమో చూపించి, రెండు పక్కల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలిన కోణం) అంకెలు తీయించండి. క్యాంబర్‌లో అర డిగ్రీ తేడా ఉన్నా టైరు పై అంచు దగ్గర సుమారు 3 మి.మీ. తేడా కనిపిస్తుంది.

ఫ్రిస్కో_మస్టాంగ్

మీరు పోలో వారికి చెప్పిన పరీక్ష నేను కూడా చేశాను. చక్రాలు అటూ ఇటూ మార్చినా తేడా ఎడమ వైపే ఉంది కనుక రిమ్‌ల దోషం కాదు. నాలుగు టైర్లలో గాలి సమానం చేసి, కారును కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి, చదునైన నేల మీద నిలిపి మళ్లీ కొలిచాను. ఈసారి ఫెండర్‌ను వదిలేసి, బాడీ అడుగున రెండు పక్కలా ఉన్న ఉక్కు రైలు (పొడవాటి దూలం) నుంచి రిమ్ లోపలి అంచు వరకు కొలిస్తే తేడా 8 మి.మీ. వచ్చింది. ఫెండర్ దగ్గర మాత్రం అదే 11 మి.మీ. ఉంది. ఇప్పుడు బార్‌ను దేనికి సరిపెట్టాలి?

నెల్లూరు_టు_హ్యూస్టన్

నేను చెప్పింది ఇదే. 8 మి.మీ. ఇరుసుది, మిగిలిన 3 మి.మీ. బాడీ రేకుది. బార్‌తో 8 సరిచేయండి, మిగిలిన 3 కళ్లకు ఇబ్బందిగా ఉంటే అప్పుడు కుడి పక్క పలుచని స్పేసర్ గురించి ఆలోచించండి. ఇరుసును రైలుకు సరిపెట్టాలే తప్ప రేకుకు కాదు. ముందు చక్రాల అమరిక కూడా ఆ రైళ్లనే నమ్ముకుని ఉంది.

ఇరుసు_మరమ్మతు

ఇక్కడ మాత్రం నేను ఏకీభవించలేను. సూత్రంగా మీ మాట బాగుంది, కానీ టైరు రాసుకునేది రైలుకు కాదు, రేకుకు. ఫెండర్ల మధ్య సరిగ్గా నిలిపితే ఇరుసు రైళ్ల మధ్య నుంచి జరిగేది ఒకటిన్నర మి.మీ. మాత్రమే. ఇరుసు మెలి తిరగకుండా, కేవలం పక్కకు అంత జరిగితే కారు నడకలో తేడాను నడిపేవారు పట్టుకోలేరు. ఇరుసు మెలి తిరిగి ఒక చక్రం ముందుకు, మరొకటి వెనక్కు పోతేనే కారు ఒక పక్కకు లాగుతుంది. ఆ సంగతి ఇరుసును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టే దిగువ కంట్రోల్ ఆర్మ్‌లది, అలైన్‌మెంట్ కాగితంలో థ్రస్ట్ యాంగిల్ అన్న అంకె చూస్తే తెలుస్తుంది. వెడల్పాటి టైర్లు వేసిన మీ కారులో ఆ ఒకటిన్నర మి.మీ. ఎడమ పక్క ఎంతో విలువైనది. అందుచేత నేనైతే ఫెండర్లకే సరిపెడతాను, స్పేసర్ జోలికి వెళ్లను.

బార్ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ముఖ్యం. బాడీని జాకీతో ఎత్తి చక్రాలు వేలాడుతుండగా పొడవు సరిచేస్తే ఆ కొలత పనికిరాదు, ఎందుకంటే కారు దిగగానే బార్ వాలు మారి ఇరుసు మళ్లీ జరుగుతుంది. చక్రాల మీద పూర్తి బరువు ఉండగా, ర్యాంపు మీద గానీ నాలుగు స్తంభాల లిఫ్టు మీద గానీ నిలిపి తిప్పాలి. రబ్బరు బుష్‌లున్న బార్ అయితే చివరి బిగింపు కూడా అదే ఎత్తులో చేయాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. బార్ పొడవు 1 మి.మీ. మారిస్తే రెండు పక్కల తేడా 2 మి.మీ. మారుతుందని గుర్తుంచుకోండి, కనుక కొద్దికొద్దిగా తిప్పి ప్రతిసారీ కారును కదిపి కొలవండి.

నెల్లూరు_టు_హ్యూస్టన్

ఒకటిన్నర మి.మీ. నడకలో తెలియదన్న మాట ఒప్పుకుంటాను. అయినా రేపు ఆ ఫెండర్‌కు ఎవరైనా తగిలి రేకు మార్చాల్సి వస్తే, మీరు సరిపెట్టుకున్న ఆధారమే మారిపోతుంది. రైలు అలా మారదు. నా సలహా రైలుకే.

ఫ్రిస్కో_మస్టాంగ్

ఇద్దరికీ ధన్యవాదాలు. పొడవు మార్చుకోగల బార్ తెప్పిస్తున్నాను. మొదట రైలుకు సరిపెట్టి, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్లు దాటిస్తాను. అప్పటికీ ఎడమ టైరు రాసుకుంటే మిగిలిన ఒకటిన్నర మి.మీ. కూడా జరుపుతాను. షాపువారి స్పేసర్ వద్దని చెప్పేశాను.