పాత తూనికల్ని న్యూటన్లలోకి మార్చొచ్చా?

పాతలెక్క: రోమన్ల బరువులెత్తే యంత్రాల మీద వ్యాసం రాస్తున్నా. తాడుకు 100 లిబ్రాల బరువు వేలాడుతోందనుకోండి. లిబ్రా సుమారు 327 గ్రాములు. 32.7 కిలోలని రాసి ఊరుకోవాలా, గురుత్వ త్వరణం (g) అయిన 9.80665తో గుణించి 320.677 న్యూటన్లనాలా?

తక్కెడ: కిలోలే రాయండి. వాళ్ళు తూచింది త్రాసుతో. అది ఒక రాయిని ఇంకో రాయితో పోలుస్తుంది, అంతే. గురుత్వం మారితే రెండు పళ్ళేల మీదా ఒకేలా మారుతుంది, ముల్లు కదలదు. బలం కొలతకి న్యూటన్ అనే పేరు ఖాయమైందే 1948లో!

స్ప్రింగుత్రాసు: ఎలా తూచారన్నది తాడుకి అనవసరం. దాని మీద పడేది లాగుడు. అదే మూటను చంద్రుడి మీద వేలాడదీస్తే లాగుడు ఆరో వంతే. కిలోలు మాత్రం మారవు.

తక్కెడ: సరే, ఏ g తీసుకుంటారు? ధ్రువాల దగ్గర 9.83, భూమధ్యరేఖ దగ్గర 9.78. 1901లో ప్రమాణంగా పెట్టుకున్న 9.80665ని రోమన్ల నెత్తిన రుద్దుతామా?

కొలబద్ద: g కొసరు, లిబ్రా అసలు. లెక్క చూడండి: 32.7 కిలోలకి ధ్రువానికీ భూమధ్యరేఖకీ తేడా 1.7 న్యూటన్లు కూడా రాదు. లిబ్రా 322 గ్రాములనేవాళ్ళూ ఉన్నారు, 329 అనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ తేడా దాదాపు 7 న్యూటన్లు! 320.677లో చుక్క తర్వాతవన్నీ కాల్‌క్యులేటర్ గొప్పలు. ఇక బలిస్టా (రాళ్ళు విసిరే రోమన్ యంత్రం) దగ్గరికొస్తే నేనూ కిలోలే అంటాను. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం పదో సంపుటిలో దాని కొలతలు చెప్పేది విసిరే రాయి బరువును బట్టి. రాయిని వేగం అందుకోనివ్వకుండా మొరాయించేది దాని ద్రవ్యరాశి.

పాతలెక్క: పౌండ్లకీ ఇదే పద్ధతా?

కొలబద్ద: ఇప్పటి పౌండుకి ఆ బెడద లేదు. 1959 ఒప్పందంతో సరిగ్గా 0.45359237 కిలోలు. పౌండు-బలమైతే, అంటే ఒక పౌండు మూటని భూమి లాగే లాగుడైతే, 4.448 న్యూటన్లు.

స్ప్రింగుత్రాసు: రెండూ పౌండ్లేగా అనుకుంటేనే చిక్కు. 1999లో నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఈ 4.45 రెట్ల దగ్గరే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండు-బలం-సెకన్లలో అంకెలిస్తే, అందుకున్నది న్యూటన్-సెకన్లనుకుంది.

పాతలెక్క: అయితే ఇలా రాస్తా: "100 లిబ్రాల (సుమారు 33 కిలోల) మూట, తాడు మీద లాగుడు సుమారు 320 న్యూటన్లు."

తక్కెడ: లిబ్రాలు ముందున్నాయి కాబట్టి సరే. న్యూటన్లని మాత్రం పేజీ అడుగున పెట్టండి, నా మాట అదే.