స్పర్స్ స్టేడియంలో కచేరీలు, బాక్సింగ్: గ్రౌండు ఆటకేనా, అన్నిటికీనా?

ఓరుగల్లు స్పర్:
హన్మకొండలో నలుగురం కలిసి మ్యాచ్ చూడటానికి కూర్చుంటే సగం సేపు ఇదే వాదన. అందుకే ఇక్కడ పెడుతున్నాను. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ (అదే మన స్పర్స్) కొత్త స్టేడియం 2019 ఏప్రిల్ 3న క్రిస్టల్ ప్యాలెస్ జట్టుతో మ్యాచ్‌తో మొదలైంది. అందులో తొలి లీగ్ గోల్ అప్పటి మన ఆటగాడు సన్ హ్యూంగ్-మిన్‌ది. 62,850 సీట్లు. అదే ఏడాది అక్టోబరులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడారు. 2021లో జాషువా, ఉసిక్‌ల బాక్సింగ్ జరిగింది. బియాన్సే 2023లో ఐదు రాత్రులు, 2025లో ఆరు రాత్రులు పాడింది. దక్షిణ స్టాండ్ కింద కార్టింగ్ కూడా పెట్టారు. నన్నడిగితే చాలా మంచి పని. ఏడాదికి పాతిక, ముప్పై మ్యాచ్‌ల కోసం అంత పెద్ద కట్టడం కట్టి, మిగతా రోజులు తాళం వేసి పెట్టుకుంటారా?

పాత గోలీ:
నేను ఒప్పుకోను అన్నా. గ్రౌండు మీద స్టేజీ వేశారంటే ఆ గ్రౌండు పోయినట్టే. విన్న మాట కాదిది, నా కాలికి తగిలిన మాట. 2016లో జిల్లా సెలెక్షన్లు. ఊరు, గ్రౌండు పేరు చెప్పను. నాలుగు రోజుల ముందు అక్కడ ఒక సభ జరిగింది. షామియానా గుంజలకు గడ్డపారతో గుంతలు తీశారు, సభ అయిపోయాక పైపైన మట్టి నెట్టేసి పోయారు. కార్నర్ వస్తే బంతి కోసం ముందుకు దూకాను. ఎడమ కాలు పిక్క దాకా దిగిపోయింది, ఒళ్లు మాత్రం ముందుకు పోయింది. మోకాల్లో టప్పుమని శబ్దం. లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది. మళ్లీ గోల్‌కీపర్ గ్లవ్స్ వేసుకోలేదు.

జమ్మికుంట 7:
అయ్యో అన్నా. ఇప్పుడు నడక బాగానే ఉందా?

ఓరుగల్లు స్పర్:
తమ్మీ, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ గ్రౌండుకూ ఈ స్టేడియానికీ పోలికే లేదు. అక్కడ గడ్డి మీద ఎవరూ స్టేజీ వేయరు. గడ్డి మొత్తం మూడు పెద్ద ట్రేలలో ఉంటుంది, ఒక్కోటి 3 వేల టన్నుల పైమాటే. ఆ మూడూ విడిపోయి, పట్టాల మీద జరుగుతూ దక్షిణ స్టాండ్ కిందికి వెళ్లిపోతాయి. అరగంట కూడా పట్టదు. కింద ఇంకో కృత్రిమ మైదానం ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ అయినా, కచేరీ అయినా దాని మీదే. అసలు గడ్డి లోపల లైట్ల వెలుగులో పెరుగుతుంటుంది. దాన్ని ఒక్క చెప్పు కూడా తాకదు.

పాత గోలీ:
మూడు ముక్కలు అంటున్నావు. మళ్లీ కలిపితే అతుకు ఉంటుందా, ఉండదా?

ఓరుగల్లు స్పర్:
కంటికి కనపడదు.

పాత గోలీ:
కంటికి నా గుంత కూడా కనపడలేదు. పైన గడ్డి బాగానే ఉంది. అతుకు కనపడుతుందా అని నేను అడగలేదు, ఉంటుందా అని అడిగాను.

జమ్మికుంట 7:
ఆ ట్రేలు కదిలే వీడియో చూశాను. అంత బరువు అంత మెల్లగా జరుగుతుంటే ఒళ్లు జలదరించింది.

ఓరుగల్లు స్పర్:
2019 నుంచి అక్కడ ఇన్ని సీజన్లు ఆడారు. పట్టుకుంటే అతుకు అతుకు అంటావు. ఒకే గ్రౌండు నాలుగు పనులకు వాడుకోవడం తప్పా? మన హన్మకొండ జేఎన్ఎస్‌నే (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) చూడు. 2021 సెప్టెంబరులో అక్కడ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది, దేశమంతా హన్మకొండకు వచ్చింది. ఫుట్‌బాల్‌కు మాత్రమే అని రాసి పెట్టుకుంటే ఆ సింథటిక్ ట్రాక్ వచ్చేదా?

పాత గోలీ:
పరుగు పందెం ఆట కాదని నేనెప్పుడన్నాను? మాట మార్చకు.

మానుకోట అమ్మాయి:
అన్నలూ, ఒక్క మాట. అతుకు సంగతి పక్కన పెట్టండి. కచేరీల డబ్బు క్లబ్బుకు వస్తుంటే టికెట్ ధర ఎందుకు తగ్గలేదు? 2024లో సీజన్ టికెట్లు 6 శాతం పెంచారు. 65 దాటినవాళ్లకు ఇచ్చే రాయితీకి కూడా కోత పెడతామని అదే ఏడాది ప్రకటించారు. అభిమానులు స్టేడియం బయటా లోపలా నిరసన తెలిపారు. ఆ ముసలివాళ్లు నలభై, యాభై ఏళ్లుగా ఒకే క్లబ్బు వెంట ఉన్నవాళ్లు. బియాన్సే పాడితే వాళ్లకేం ఒరిగింది?

ఓరుగల్లు స్పర్:
కట్టడానికి దాదాపు వంద కోట్ల పౌండ్లు అయిందమ్మా. అప్పు ఎవరు తీర్చాలి? కచేరీలు లేకపోతే ఆ ధరలు ఇంకా పెరిగేవి.

పాత గోలీ:
ఇదిగో, ఇదీ అసలు సంగతి. అప్పు తీర్చాలి, అప్పు తీర్చాలి. 2018 వేసవిలో ఒక్క ఆటగాడిని కూడా కొనలేదు. ప్రీమియర్ లీగ్‌లో వేసవి విండో (ఆటగాళ్లను కొనుక్కునే గడువు) మొత్తం ఒక్కరినీ తీసుకోని తొలి క్లబ్ మనది. జనవరిలోనూ అంతే. అలసిపోయిన జట్టును కోచ్ పోచెట్టినో 2019 చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా లాక్కొచ్చాడు. సెమీఫైనల్లో ఆయాక్స్ మీద మన లూకాస్ మౌరా మూడో గోల్ కొట్టినప్పుడు మా అమ్మ నిద్ర లేచి ఏమైందని అడిగింది. ఆ ఫైనల్ ఓడిపోయాం, అదే ఏడాది నవంబరులో కోచ్‌ను పంపేశారు. స్టేడియం మాత్రం తళతళలాడుతోంది.

ఓరుగల్లు స్పర్:
2025 మేలో బిల్బావోలో యూరోపా లీగ్ గెలిచాం కదా! 17 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది. అది లెక్కలోకి రాదా?

పాత గోలీ:
అదే సీజన్‌లో లీగ్‌లో 17వ స్థానం. అది కూడా లెక్కలో వేసుకో. నిజంగా అడుగుతున్నా, నీకు మ్యాచ్ కావాలా, ఈవెంట్లు కావాలా? మొదటి పోస్టు నుంచీ ఈవెంట్ల తరఫునే వకాల్తా పుచ్చుకుంటున్నావు.

ఓరుగల్లు స్పర్:
ఎందుకంటే మాది టెంట్ హౌస్. నాయిన పెట్టింది, ఇప్పుడు నేనే చూసుకుంటున్నా. డీసీఎంలో గుంజలు, కుర్చీలు వేసుకొని గ్రౌండుల చుట్టూ తిరుగుతా. నువ్వు పడ్డ ఆ గుంతలాంటివి నేనూ తీయించాను. ఎన్నో తీయించాను. నువ్వు గ్రౌండు పోయిందన్న ప్రతిసారీ నా పనిని అంటున్నట్టే ఉంది. సీజన్‌లో గ్రౌండు ఇవ్వకపోతే నా దగ్గర పనిచేసే ఎనిమిది మందికి కూలి లేదు. ఆ స్టేడియం చూసినప్పుడు నాకు అనిపించింది ఇదే. నా పని వల్ల ఆట చెడిపోని చోటు ఒకటి ఉంది కదా అని.

జమ్మికుంట 7:
…

మానుకోట అమ్మాయి:
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నా.

పాత గోలీ:
సభ అయ్యాక గుంతలు పూడ్చేది ఎవరు? మీరా, సభ పెట్టినవాళ్లా?

ఓరుగల్లు స్పర్:
మాట్లాడుకునేటప్పుడు గుంజలు పాతడం, పీకడం వరకే మాట. పూడ్చడానికి వేరే డబ్బు ఎవరూ ఇవ్వరు. రాత్రికి రాత్రే ఇంకో చోటికి సామాను పోవాలి. మా పిల్లలు కాలితో మట్టి నెట్టి ఎక్కేస్తారు. మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొడితే తప్ప అది గట్టిపడదు. నాకు తెలుసు. తెలిసే వదిలేశాను.

పాత గోలీ:
కోపం లేదని అనను. పదేళ్లుగా ఆ గుంత తవ్వింది ఎవరా అనుకుంటూనే ఉన్నాను. నీ మీద మాత్రం కాదు. కచేరీలు వద్దని కూడా నేను అనట్లేదు. పనైపోయాక గ్రౌండును ఎట్లా ఉన్నదాన్ని అట్లా తిరిగిచ్చే బాధ్యత ఒకరి మీద ఉండాలి. అక్కడ ఆ ట్రేలకు పెట్టిన ఖర్చంతా దానికోసమే. అతుకు సంగతి మాత్రం నాకింకా తేలలేదు.

జమ్మికుంట 7:
గుంజలు పాతకుండా ఇసుక నింపిన డ్రమ్ముల్లో నిలబెడితే ఆగవా?

ఓరుగల్లు స్పర్:
చిన్న షామియానాకు ఆగుతాయి. పెద్ద పందిరికి గాలి వస్తే కష్టం. డ్రమ్ములు మోయడానికి ఇంకో బండి కావాలి.

పాత గోలీ:
ఇంకో బండికి ఎంత అవుతుంది?