పక్షవాతం వార్డులో ఎంబీబీఎస్ విద్యార్థికి రీసెర్చ్ అవసరమా?

మూడో సంవత్సరం (శ్రీకాకుళం):
ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఎంబీబీఎస్ విద్యార్థులకు ఇచ్చే రెండు నెలల రీసెర్చ్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. మన జిల్లాలో పక్షవాతం వచ్చినవాళ్లు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా చేరుతున్నారన్నది అంశం. సీనియర్లలో కొందరు ‘చెయ్యి, పీజీకి పనికొస్తుంది’ అంటున్నారు. కొందరు ‘ముందు కేసు చూడటం నేర్చుకో’ అంటున్నారు. మీరేమంటారు?

విజయనగరం ఫిజీషియన్:
రెండోవాళ్ల మాటే నా మాట. హౌస్ సర్జన్ని ‘అరికాలు గీసి చూశావా’ అని అడిగితే సీటీ రిపోర్టు చేతిలో పెడుతున్నాడు. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్‌లో మొదటి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు రోగిని ముట్టుకుని చూసినవాడే జబ్బును పట్టుకోగలడు. చెయ్యి ఎత్తమని, పళ్లు చూపించమని అడగాలి. అరికాలి బయటి అంచు వెంట తాళంచెవితో గీస్తే బొటనవేలు పైకి లేస్తోందా, కిందికి వంగుతోందా చూడాలి. ఇది రాని పిల్లాడి చేతికి ప్రొఫార్మా (రీసెర్చ్ వివరాలు నింపే ఫారం) ఇస్తే గళ్లు నింపుతాడు, అంతే. పీజీ కోసమైతే అసలు వద్దు బాబూ.

కవిటి నుంచి:
డాక్టరు గారూ, మా వైపు కష్టం ఇంకొకటి. మా కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి ఎన్నో బృందాలు వచ్చాయి. మా ఇంట్లోనే రక్తం, బావి నీళ్లు పట్టుకెళ్లినవాళ్లున్నారు. రిపోర్టు మాత్రం మాకు రాలేదు. తర్వాత మా నాన్నగారికి కుడివైపు పడిపోయి మాట పోయింది. ఆసుపత్రిలో ఇద్దరు స్టూడెంట్లు కాగితం తెచ్చి, ఎడమచేతి వేలు పట్టుకుని ముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం దేనికో ఆయనకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మాట లేని మనిషి వద్దని ఎలా చెప్తాడు?

కమ్యూనిటీ మెడిసిన్ టీచర్:
కవిటి నుంచి రాసినవారికి జరిగింది తప్పే. చదవలేని మనిషి వేలిముద్ర వేస్తుంటే, పరిశోధనతో సంబంధంలేని సాక్షి దగ్గరుండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. మాట పోయినంత మాత్రాన అర్థం చేసుకునే శక్తి పోయిందని కాదు. చాలామందికి మనం చెప్పేది తెలుస్తుంది. ‘ఒప్పుకుంటే నా చెయ్యి నొక్కండి’ అని అడగొచ్చు, బొమ్మలు చూపించి అడగొచ్చు. అర్థం చేసుకునే స్థితి నిజంగా లేకపోతే కుటుంబంలో బాధ్యులకు అంతా వివరించి అడగాలి. ఈ పద్ధతి విద్యార్థి నేర్చుకోవాల్సింది మంచం పక్కనే.

అందుకే ఫిజీషియన్ గారితో విభేదిస్తున్నాను. కేసు చూడటం, రీసెర్చ్ రెండూ వేరు వేరు పనులని నేననుకోను. స్ట్రోక్‌లో రక్తపు గడ్డను కరిగించే మందు మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో తేలింది, 2008 నాటి అధ్యయనంతో అది నాలుగున్నర గంటలైంది. ఆ లెక్క ఎక్కణ్నుంచి మొదలవ్వాలి? ‘పొద్దున్న ఆరింటికి లేచేసరికి చెయ్యి పడిపోయింది’ అంటారు ఇంట్లోవాళ్లు. విద్యార్థి కేస్ షీట్లో ఆరు అని రాసేస్తాడు. లెక్క మొదలవ్వాల్సింది చివరిసారి బాగున్నట్టు చూసిన టైం నుంచి. రాత్రి భోజనం చేశాడా, తెల్లవారుజామున బయటికి లేచాడా, అప్పుడు కాలు ఈడ్చాడా అని ఒక్కొక్కటీ అడగాలి. ఆ తర్వాత ఎక్కడ ఆలస్యమైందో తెలుసుకోవాలి: ఆర్‌ఎంపీ దగ్గరా, పసరు మందు దగ్గరా, బండి దొరక్కా? ఈ అంశం మీద సరిగ్గా పనిచేసిన పిల్లకి హిస్టరీ తీసుకోవడం జన్మలో మర్చిపోలేనంతగా వస్తుంది.

పైగా ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లో కూర్చుంటే దొరకదు. కవిటి నుంచి శ్రీకాకుళం రావడానికే 100 కిలోమీటర్ల పైన ప్రయాణం. అక్కడివాళ్లకు నాలుగున్నర గంటలంటే ఏమిటో ఇక్కడివాళ్లే లెక్క తేల్చాలి.

విజయనగరం ఫిజీషియన్:
అంశం మంచిదే మేడం, కాదనను. అయినా నా షరతు నాది. రోగిని పూర్తిగా పరీక్ష చేసి, గైడ్ ముందు కేసు చెప్పగలిగినవాళ్లకే ఆ ఫారం ఇవ్వండి. గైడ్ పేరు కాగితం మీద, పని మొత్తం పిల్లల మీద అంటే మాత్రం కుదరదు.

కవిటి నుంచి:
సాక్షి, సంతకం అన్నీ పెట్టారనుకుందాం. రెండు నెలలయ్యాక ఈ అమ్మాయి తన పరీక్షల హడావిడిలో పడిపోతుంది. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తేలితే మా ఊళ్లో ఎవరు చెప్తారు?

మూడో సంవత్సరం (శ్రీకాకుళం):
సార్ పెట్టిన షరతుకు ఒప్పుకుంటున్నాను. ప్రొఫార్మాలో ‘మొదలైన టైం’ గడి తీసేసి ‘చివరిసారి బాగున్నట్టు ఎవరు, ఎప్పుడు చూశారు’ అని మార్చాను. కవిటి నుంచి అడిగిన అన్నగారికి: ఫలితం వచ్చాక పీహెచ్‌సీలో ఆశా వర్కర్ల మీటింగ్‌కి వెళ్లి తెలుగులో చెప్తానని అప్లికేషన్‌లోనే రాస్తున్నాను. అది స్టూడెంట్‌షిప్ గడువులో పట్టదు. మా గైడ్ గారు తర్వాత కూడా వస్తామంటేనే ఈ అంశం తీసుకుంటాను. లేకపోతే వార్డులోనే కేసులు చూసుకుంటాను.