ఆర్‌వి-9ఎ పైకి ఎక్కేటప్పుడు మూడో సిలిండర్ వేడెక్కుతోంది

ప్రశ్న:
నమస్కారం. డాలస్ దగ్గరి ఒక చిన్న విమానాశ్రయంలో ఐదేళ్లపాటు స్వయంగా కట్టుకున్న వ్యాన్స్ ఆర్‌వి-9ఎ విమానాన్ని పోయిన నెలలోనే మొదటిసారి ఎగురవేశాను. ఇంజిన్ 160 అశ్వశక్తి లైకమింగ్ ఓ-320. ఇప్పటికి 11 గంటలే నడిచింది. నేల మీద 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రోజున 85 నాట్ల వేగంతో ఎక్కుతుంటే, 2,500 అడుగులు చేరేలోపే మూడో సిలిండర్ హెడ్ 437 డిగ్రీలు చూపింది. మిగిలిన మూడూ 400 దగ్గర ఉన్నాయి. గరిష్ఠ పరిమితి 500 కనుక ఫరవాలేదని ఒక మిత్రుడు అన్నారు గానీ నాకు మనసొప్పడం లేదు. కౌలింగ్ (ఇంజిన్‌ను కప్పే మూత) అడుగున వేడిగాలి బయటికి పోయే దారిని వెడల్పు చేయమంటారా?

మొదటి సమాధానం:
మీ అనుమానమే సరైనది. 500 అనేది దాటకూడని గీత. ఇంజిన్ చాలాకాలం మన్నాలంటే 435 లోపు ఉంచమని లైకమింగే చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ అల్యూమినియం బలం తగ్గుతుంది కాబట్టి నేను 400 దాటగానే ముక్కు దించి వేగం పెంచుతాను.

దయచేసి కౌలింగ్‌ను అప్పుడే కోయకండి. ముందు నుంచి వచ్చిన గాలి ఇంజిన్ పైన నిండి, సిలిండర్ల ఫిన్ల (వేడిని గాలికి వదిలే పలుచని రెక్కల) సందుల్లోంచి కిందికి దిగాలి. దాన్ని దించేది పైకీ కిందికీ ఉన్న పీడనపు తేడాయే. బాఫిల్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు) అంచునున్న రబ్బరు సీలు ఒక్కచోట మడతపడినా, గాలి ఫిన్లను వదిలి ఆ సందులోంచే పోతుంది. రాత్రి హ్యాంగర్‌లో దీపాలార్పి, కౌలింగ్ మూసి, అడుగు నుంచి టార్చి వేసి ముందు రంధ్రాల్లోంచి చూడండి. వెలుగు కనిపించిన చోటల్లా గాలి వృథా అవుతున్నట్టే. కౌలింగ్ లోపలివైపు సీలు రాసుకున్న నల్లటి గీత ఎక్కడ తెగిందో కూడా గమనించండి.

మూడోది కుడివైపు వెనక సిలిండర్. దాని వెనక ముఖాన ఫిన్లు లోతు తక్కువ. బాఫిల్ రేకు అక్కడ హెడ్‌కు ఆనుకుంటే గాలి దిగే దారే ఉండదు. మధ్యలో ఒక వాషర్ పెట్టి సందు ఇవ్వండి. నా విమానంలో ఆ వాషర్ ఒక్కటే 15 డిగ్రీలు తగ్గించింది.

రెండో సమాధానం:
రేకు విప్పే ముందు మూడో సిలిండర్ సెన్సర్‌ను ఒకటో దానితో మార్చి ఒకసారి ఎగరండి. వేడి సెన్సర్‌తోపాటు జరిగితే తప్పు సెన్సర్‌దే. తరువాత, టేకాఫ్‌లో ఇంధన ప్రవాహం ఎంతో చెప్పండి. ఈ ఇంజిన్‌కు పూర్తి థ్రాటిల్, పూర్తి రిచ్ మిక్స్చర్‌తో (ఇంధనం పాలు ఎక్కువున్న మిశ్రమంతో) గంటకు సుమారు 14 గ్యాలన్లు కావాలి. 12 కూడా రాకపోతే ఏ బాఫిల్ సవరణా చాలదు, కార్బ్యురేటర్ జెట్ (ఇంధనం వచ్చే సన్నని రంధ్రం) చూపించాల్సిందే. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ఇంజిన్ డేటా ప్లేటుపై ఉన్న అంకెకు మించి ముందుకు జరిగి ఉన్నా హెడ్లు వేడెక్కుతాయి.

ఇక వేగం. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 85 బదులు 110 నాట్లతో ఎక్కితే అది మూడింట రెండు వంతులు పెరుగుతుంది. పైగా ముక్కు దిగడం వల్ల ముందున్న ఆకాశమూ కనిపిస్తుంది. అడ్డంకులు దాటాక 85తో పని లేదు. కొత్త పిస్టన్ రింగులు కుదురుకునేదాకా పవర్ మాత్రం బాగా తగ్గించకండి. ఒక్కో ఎగురుడుకు ఒక్క మార్పే చేయండి.

ప్రశ్న అడిగినవారి జవాబు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సెన్సర్ మార్చినా వేడి మూడో సిలిండర్‌లోనే ఉంది. ఇంధన ప్రవాహం 13.8. టార్చి వెలుగు వెనక కుడి మూలలో వేలెడంత కనిపించింది. ఆ సీలు మార్చి ఎగిరితే 85 నాట్ల వద్దే 421 వచ్చింది. వాషర్ పెట్టాక 408. నిన్న 110 నాట్లతో 5,000 అడుగులు ఎక్కాను, 389 దాటలేదు. కౌలింగ్‌ను ముట్టుకోలేదు.